తుఫాను వెళ్లిపోయాక మిగిలే బాకీ

గ్రెనడా జాతీయ జెండా మీద ఒక జాజికాయ బొమ్మ ఉంటుంది. కరీబియన్ సముద్రంలో లక్ష పైచిలుకు జనాభా ఉన్న చిన్న ద్వీప దేశం అది. ఒకప్పుడు ప్రపంచంలో ఇండోనేషియా తర్వాత జాజికాయ ఎక్కువగా పండించింది వాళ్లే. 2004 సెప్టెంబరు 7న ఐవన్ అనే హరికేన్ ఆ దేశం మీదుగా వెళ్లింది. అంతకుముందు అంత పెద్దది వచ్చింది 1955లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు గడిచేసరికి, హరికేన్ల దారికి మనం కాస్త దక్షిణంగా ఉన్నాం, మనకేం కాదులే అనుకోవడం అక్కడివాళ్లకు అలవాటైంది. ఐవన్ కొన్ని గంటల్లో పదింట తొమ్మిది ఇళ్లను దెబ్బతీసింది. జాజి చెట్లు కూడా దాదాపు అదే లెక్కలో కూలిపోయాయి. మొత్తం నష్టం ఆ దేశపు ఏడాది జీడీపీకి రెండింతలు.

చనిపోయినవాళ్లు 39 మంది. అంతర్జాతీయ వార్తల్లో అది పెద్ద సంఖ్య అనిపించుకోదు. కెమెరాలు ఐవన్ వెనకాలే వేరే దేశాలకు వెళ్లిపోయాయి. నాకు మాత్రం ఇలాంటి వార్త చదివినప్పుడల్లా ఏడాది తర్వాత ఆ దేశం బడ్జెట్ ఎలా ఉందో వెతికి చూడాలనిపిస్తుంది. గ్రెనడా విషయంలో అలా చూస్తే కనిపించేది ఇదీ: జాజి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, నిండుగా కాయడానికి పదిహేను, ఇరవై ఏళ్లు. దేశం తీసుకున్న అప్పు మీద కిస్తీ మాత్రం ఆరు నెలలకోసారి కట్టాలి. పంట లేదు, పర్యాటకులు లేరు, పన్ను కట్టే దుకాణాలకు పైకప్పు లేదు. కిస్తీ తేదీ మారదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా 2005 జులైలో ఎమిలీ వచ్చింది. అదే ఏడాది గ్రెనడా అప్పులవాళ్లతో కూర్చుని గడువులు మార్పించుకోవాల్సి వచ్చింది. 2013లో ఇక కట్టలేనని మళ్లీ చేతులెత్తేసింది.

తుఫాను రోజున జరిగే నష్టం కంటే, ఆ తర్వాత పదేళ్లపాటు ఖజానాలో జరిగే నష్టమే పేద దేశాల్ని ఎక్కువగా కుంగదీస్తోందని నా వాదన. వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు మనం మంచుఖండాలు, సముద్రమట్టాలు, ఉష్ణోగ్రతల దగ్గరే ఆగిపోతాం. వడ్డీ రేటు దాకా వెళ్లం. వెళ్లకపోతే అసలు సంగతి సగం కూడా అర్థం కాదు.

సైన్సు సంగతి ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే కురిస్తే కుండపోత, లేకపోతే ఎండు అన్న తీరు పెరుగుతోంది. సముద్రం వేడెక్కితే తుఫానుల సంఖ్య పెరుగుతుందా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. వచ్చినవాటిలో బలమైనవాటి వాటా మాత్రం పెరుగుతోంది. ఉష్ణమండలంలో పంటలు, పశువులు, ఎండలో పనిచేసే మనుషులు ముందే వేడి హద్దుకు దగ్గరగా ఉన్నారు. చల్లటి దేశంలో ఒక డిగ్రీ పెరిగితే పంటకు ఒక్కోసారి మేలు కూడా జరుగుతుంది, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఆఫ్రికాలో వ్యవసాయ ఉత్పాదకత పెరుగుదలను వాతావరణ మార్పు 1961 నుంచి 34 శాతం కోసేసిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ ఆరో నివేదిక అంచనా. వేడి వల్ల 2030 నాటికి ప్రపంచం మొత్తం పనిగంటల్లో 2.2 శాతం పోతాయని, అది 8 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో లెక్కగట్టింది. ఆ గంటల్లో ఎక్కువ భాగం పొలాల్లోనూ, భవన నిర్మాణంలోనూ పోయేవే.

ఇక బాధ్యత మాట. తిలాపాపం తలా పిడికెడు అని సర్దుకోవడానికి కూడా లేదిక్కడ. 1850 నుంచి 2019 వరకు శిలాజ ఇంధనాలు, పరిశ్రమల నుంచి గాలిలోకి వెళ్లిన కార్బన్ డయాక్సైడ్‌లో అత్యల్పాభివృద్ధి దేశాలన్నిటి వాటా కలిపినా 0.4 శాతం లోపే. అదే ఐపీసీసీ మరో సంగతి చెబుతుంది: 2010-2020 మధ్య వరదలు, కరవులు, తుఫానుల వల్ల మరణాలు, ముప్పు ఎక్కువున్న ప్రాంతాల్లో ముప్పు చాలా తక్కువున్న ప్రాంతాలకంటే 15 రెట్లు ఎక్కువ. ఈ రెండు అంకెల గురించి చాలామంది రాశారు, కోపమూ వ్యక్తం చేశారు. నేను దానికి కొత్తగా కలపగలిగింది లేదు. ఆ కోపం అప్పు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చల్లారిపోతుందో అదే నాకు అర్థం కాదు.

డబ్బున్న దేశంలో తుఫాను వస్తే ఏం జరుగుతుంది? బీమా కంపెనీలు కొంత కడతాయి. ప్రభుత్వం సొంత కరెన్సీలో, తక్కువ వడ్డీకి అప్పు చేస్తుంది. పునర్నిర్మాణపు పనులతో కొన్ని చోట్ల ఉపాధి పెరుగుతుంది కూడా. పేద దేశంలో అదే తుఫాను వస్తే లెక్క వేరు. ఆ దేశం అప్పులో పెద్ద భాగం డాలర్లలోనో యూరోలలోనో ఉంటుంది. డాలర్లు తెచ్చిపెట్టేది ఒకటి రెండు ఎగుమతి పంటలు, లేదా పర్యాటకం. తుఫాను సరిగ్గా వాటినే తుడిచిపెడుతుంది. డాలర్ల రాబడి పడిపోయిన నెలల్లోనే సిమెంటు, ఇనుము, మందులు, తిండిగింజలు దిగుమతి చేసుకోవాల్సి వస్తుంది. దాంతో స్థానిక కరెన్సీ విలువ జారుతుంది. జారిన ప్రతిసారీ పాత అప్పు, ఒక్క డాలరు కొత్తగా తీసుకోకపోయినా, సొంత కరెన్సీ లెక్కలో పెరుగుతుంది. పన్నుల రాబడి తగ్గింది, కట్టాల్సింది పెరిగింది. అప్పుడు దేశాల అప్పు తీర్చే సత్తాకు మార్కులు వేసే రేటింగ్ సంస్థ వచ్చి, మీ పరిస్థితి బాగాలేదు కాబట్టి మీ రేటింగ్ తగ్గిస్తున్నాం అంటుంది. తర్వాతి అప్పుకు వడ్డీ ఇంకో మెట్టు ఎక్కుతుంది.

తుఫాను నిజంగా రావాల్సిన అవసరం కూడా లేదు. వస్తుందేమో అన్న భయానికే అప్పిచ్చేవాళ్లు ఎక్కువ వడ్డీ అడుగుతారు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ, సోయాస్ పరిశోధకులు 2018లో దీన్ని లెక్కగట్టారు. వాతావరణ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాలు వడ్డీగా కట్టే ప్రతి 10 డాలర్లకు, ఆ ముప్పు కారణంగా ఇంకో డాలరు అదనంగా కడుతున్నాయని తేలింది. పదేళ్లలో ప్రభుత్వ రుణాల మీదే అలా పోయింది సుమారు 4,000 కోట్ల డాలర్లు. ఆ డబ్బుతో కాలువలు తవ్వొచ్చు, ఆస్పత్రుల పైకప్పులు గట్టి చేయొచ్చు, హెచ్చరిక వ్యవస్థలు పెట్టొచ్చు. అవి ఉంటే ముప్పు తగ్గేది, ముప్పు తగ్గితే వడ్డీ తగ్గేది. లేవు కాబట్టి ముప్పు అలాగే ఉంది, వడ్డీ కూడా. ఈ గుండ్రం ఎక్కడో ఒకచోట తెగాలి. మార్కెట్టే దాన్ని తెంపుతుందని చెప్పేవాళ్లంటే నాకు ఓపిక తగ్గిపోయింది. మార్కెట్టు తన పని తాను సరిగ్గానే చేస్తోంది, ముప్పుకు ధర కడుతోంది. ఆ ముప్పును సృష్టించినవాళ్లకు కాకుండా భరించేవాళ్లకు బిల్లు పంపుతోంది, అంతే.

2022లో పాకిస్తాన్ వరదలు గుర్తుండే ఉంటాయి. 3.3 కోట్ల మంది మీద ప్రభావం, 1,700 మందికి పైగా మృతి, నష్టం అంతా కలిపి 3,000 కోట్ల డాలర్లకు పైనే. సింధ్‌లో నీళ్లు నెలల తరబడి పొలాల్లోనే నిలిచిపోయి, తర్వాతి పంట గోధుమ వేయడం కూడా ఆలస్యమైంది. అప్పటికే ఆ దేశం విదేశీ మారకద్రవ్యం కోసం కటకటలాడుతోంది. 2023 జనవరిలో జెనీవాలో దాతల సదస్సు పెట్టారు. 900 కోట్ల డాలర్లకు పైగా హామీలు వచ్చాయి. పత్రికలు దీన్ని పెద్ద విజయంగా రాశాయి. కొద్దిరోజులకే ఆ దేశ ఆర్థిక మంత్రి అసలు విషయం చెప్పారు: అందులో దాదాపు 90 శాతం రుణాలే, కొన్నేళ్లపాటు ప్రాజెక్టుల వారీగా వచ్చేవే. ప్రపంచ ఉద్గారాల్లో 1 శాతం లోపు వాటా ఉన్న దేశం తన నష్టాన్ని తానే, వడ్డీతో సహా, తీర్చుకోవాలన్నమాట. దాతల సదస్సు అనే పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొజాంబిక్‌దీ ఇలాంటి కథే. 2019 మార్చిలో ఇదాయ్ తుఫాను బెయిరా నగరాన్ని ముంచెత్తింది. మొజాంబిక్, జింబాబ్వే, మలావీల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. ఆరు వారాలు తిరక్కుండా ఉత్తరాన కెన్నెత్ విరుచుకుపడింది. ఏప్రిల్‌లో అంతర్జాతీయ ద్రవ్యనిధి అత్యవసరంగా సుమారు 11.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. వడ్డీ లేనిదే, అందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ అప్పటికే అప్పుల ఊబిలో ఉందని అదే సంస్థ ముద్ర వేసిన దేశానికి ఇచ్చింది మరో అప్పు.

ఇప్పుడు సంపన్న దేశాల మాట దగ్గరికి వద్దాం. 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో వాళ్లు ఒక మాట ఇచ్చారు: వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి అభివృద్ధి చెందుతున్న దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని. ఆ అంకెను దాటింది 2022లో, రెండేళ్లు ఆలస్యంగా. సంపన్న దేశాల సంఘం ఓఈసీడీ లెక్క ప్రకారం ఆ ఏడాది 11,590 కోట్ల డాలర్లు. ఆలస్యాన్ని అందరూ విమర్శించారు. నన్ను అడిగితే ఆలస్యం చిన్న తప్పు. ఆ మొత్తంలో ప్రభుత్వాలు, ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చిన భాగాన్ని విడదీసి చూస్తే 69 శాతం రుణాలు, తిరిగి కట్టక్కర్లేని గ్రాంట్లు 28 శాతం. రుణాల్లో కొన్ని మార్కెట్ రేటుకు దగ్గరగా ఉన్నవి కూడా. అయినా లెక్కలో రాసుకునేది మొత్తం ముఖవిలువ. పది కోట్లు అప్పిచ్చి, పన్నెండు కోట్లు తిరిగి వసూలు చేసుకున్నా, పుస్తకంలో పది కోట్ల సాయం అనే ఉంటుంది. లారీతో పక్కవాడి గోడ కూల్చేసి, కట్టుకోమని అతనికి అప్పిచ్చి, ఆ అప్పును దానధర్మాల పద్దులో రాసుకున్నట్టుంది ఇది.

పైగా ఆ పద్దులో ఏమేం చేరాయో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2023లో రాయిటర్స్ ఒక పరిశోధన కథనం ప్రచురించింది. ఆసియాలో చాక్లెట్, ఐస్‌క్రీమ్ దుకాణాలు తెరవడానికి ఇటలీ ఇచ్చిన మద్దతు, హైతీలో సముద్రతీర హోటల్ విస్తరణకు అమెరికా ఇచ్చిన రుణం, బంగ్లాదేశ్‌లో కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రానికి జపాన్ ఇచ్చిన రుణం, ఇవన్నీ వాతావరణ సాయం కిందే లెక్కలోకి ఎక్కాయి. నియమం ఏమైనా ఉల్లంఘించారా అంటే లేదు. ఏది సాయం అన్నదానికి గట్టి నిర్వచనమే లేనప్పుడు ఉల్లంఘించడానికి ఏముంటుంది?

అన్ని రుణాలూ చెడ్డవని నేను అనడం లేదు. సౌర విద్యుత్ కేంద్రానికి అప్పు ఇవ్వడం సబబే. అది కరెంటు అమ్ముతుంది, డబ్బు తెస్తుంది, కిస్తీ కడుతుంది. కానీ సముద్రపు పోటును ఆపే కరకట్ట ఏం అమ్ముతుంది? వాననీటి కాలువ ఎవరికి బిల్లు వేస్తుంది? ఇవి నష్టాన్ని ఆపుతాయి. జరగని నష్టం ఖజానాలోకి డాలర్ల రూపంలో రాదు. ఈ పనులకు అప్పిస్తే, ఆ అప్పు తీర్చడానికి బడి నుంచో ఆస్పత్రి నుంచో డబ్బు తీయాల్సిందే. చదువు కంటేనో ఆరోగ్యం కంటేనో వడ్డీల మీదే ఎక్కువ ఖర్చుపెడుతున్న దేశాల్లో 330 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2024లో చెప్పింది. వాళ్లలో చాలామందికి కరకట్టా కావాలి, టీచరూ కావాలి. రెండింటిలో ఏది కావాలో తేల్చుకోమంటున్నది అప్పు పత్రమే.

సరే, అప్పు వద్దంటే బీమా ఉంది కదా అంటారు. ఈ మధ్య అంతర్జాతీయ సదస్సుల్లో బాగా వినిపించే మాట ఇది. ఈ రకం బీమాలో నష్టం ఎంతో ఇల్లిల్లూ తిరిగి కొలవరు. గాలి వేగమో, వానపాతమో, వాయుపీడనమో ఒక హద్దు దాటితే చాలు, డబ్బు వెంటనే వచ్చేస్తుంది. వినడానికి బాగుంటుంది. 2015-16లో మలావీలో తీవ్రమైన కరవు వచ్చింది. ఆ దేశం అప్పటికే ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే సంస్థకు ప్రీమియం కట్టి ఉంది. కరవు కళ్లెదుట ఉంది, ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, బీమా నమూనా మాత్రం పరిహారం అక్కర్లేదంది. ఎందుకంటే రైతులు ఎక్కువ కాలం పండే మొక్కజొన్న వేశారని కంప్యూటర్ నమూనా అనుకుంది. వాళ్లు వేసింది తక్కువ కాలపు రకం. వాన ఆగిన వారాలు ఆ రకానికి సరిగ్గా గింజపట్టే వారాలు. మళ్లీ లెక్కలు వేసి, 2017 జనవరిలో 81 లక్షల డాలర్లు చెల్లించారు. ఆలోగా ఆకలి ఆగుతుందా? 2024 జులైలో బెరిల్ హరికేన్ జమైకాను దెబ్బతీసినప్పుడు కూడా 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు (పెద్ద తుఫాను వస్తే పెట్టుబడిదారుల సొమ్ము దేశానికి దక్కే, బీమా లాంటి బాండు) నుంచి ఒక్క డాలరు రాలేదు. ఒప్పందంలో రాసుకున్న హద్దు దాకా వాయుపీడనం పడిపోలేదు మరి. బీమాకు దాని చోటు దానికుంది, కాదనను. కానీ ఏటా పెరిగే ముప్పుకు ఏటా పెరిగే ప్రీమియం బాధితుడే కట్టుకోవాలంటే, అది న్యాయం అనిపించుకోదు.

దేశాల స్థాయిలో జరిగేదే కుటుంబాల స్థాయిలోనూ జరుగుతుంది. బంగ్లాదేశ్‌ను చూడండి. 1970 నవంబరులో భోలా తుఫాను మూడు లక్షల మందికి తక్కువ కాకుండా పొట్టన పెట్టుకుంది. 1991లో సుమారు 1,38,000 మంది. తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, వేలమంది వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు, మెగాఫోన్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లే వ్యవస్థ తెచ్చారు. 2020లో అంఫన్ లాంటి పెద్ద తుఫానులో అక్కడ చనిపోయినవారి సంఖ్య రెండు అంకెలు దాటలేదు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు ఏదీ చేతకాదు అనేవాళ్లు ఒకసారి ఈ లెక్క చూడాలి. అయితే షెల్టరు ప్రాణాన్ని కాపాడుతుంది, పొలాన్ని కాపాడలేదు. 2009లో ఐలా తుఫానుకు నైరుతి తీరంలో కరకట్టలు తెగి, కొన్ని చోట్ల రెండేళ్లదాకా ఉప్పునీళ్లు పోటుకు వచ్చిపోతూనే ఉన్నాయి. షెల్టరు నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషికి ఎదురైంది ఆ నేల. ఇంటి మట్టి ఎత్తు పెంచుకోవడానికి, పడవో గేదెనో మళ్లీ కొనుక్కోవడానికి డబ్బెక్కడిది? మైక్రోఫైనాన్సు, వడ్డీ వ్యాపారి, బంధువులు. బంగ్లాదేశ్ గ్రామీణ కుటుంబాలు విపత్తుల నుంచి కాచుకోవడానికి, పాడైనవి బాగుచేసుకోవడానికి ఏటా దాదాపు 200 కోట్ల డాలర్లు సొంతంగా ఖర్చుపెడుతున్నాయని ఐఐఈడీ అనే పరిశోధన సంస్థ 2019లో అంచనా వేసింది. ప్రభుత్వం పెట్టేదానికి అది రెండింతలకు పైన, అంతర్జాతీయ సాయానికి 12 రెట్లకు పైన. ప్రపంచంలో అతి పెద్ద వాతావరణ దాతలు ఎవరని అడిగితే నేను ఆ కుటుంబాల పేరే చెబుతాను.

నాకు తరచూ ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయలేను. అన్నింటినీ వాతావరణం మీదికి నెట్టేస్తే ఎలా, ఆ ప్రభుత్వాల అవినీతి, అసమర్థతల మాటేమిటి అని. ఈ మాటలో నిజం ఉంది. 2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నాలో రెండు డ్యాములు తెగి వేలమంది కొట్టుకుపోయారు. డేనియల్ తుఫాను వాన అసాధారణమైనదే, కానీ ఆ డ్యాములు ఏళ్ల తరబడి మరమ్మతుకు నోచుకోలేదు. ముందటి ఏడాదే ఒక జలశాస్త్రవేత్త హెచ్చరించాడు కూడా. 2021లో దక్షిణ మడగాస్కర్ ఆకలిని ప్రపంచమంతా వాతావరణ మార్పు తెచ్చిన కరవు అంది. విపత్తుల్లో వాతావరణ మార్పు పాత్ర ఎంతో తేల్చే వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు లెక్కలు వేసి, వాతావరణ మార్పు పాత్ర అందులో అంతగా లేదు, పేదరికం, వానాధార సేద్యం, మౌలిక వసతుల లేమి అసలు కారణాలని తేల్చారు. 2024లో ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలో వచ్చిన కరవుకు ముఖ్య కారణం ఎల్‌నినో అన్నారు. అదే బృందం, ఆఫ్రికా కొమ్ములో (సోమాలియా, ఇథియోపియా, కెన్యా ప్రాంతం) 2020 నుంచి వరుసగా ఐదు వానకాలాలు తప్పిన కరవును మాత్రం వాతావరణ మార్పు సుమారు వంద రెట్లు ఎక్కువ సంభావ్యం చేసిందని చెప్పింది. ప్రతి విపత్తునూ ఒకే గాటన కట్టేస్తే, వాతావరణ న్యాయం అడిగేవాళ్ల మాటకే విలువ తగ్గుతుంది. మా పక్షంవాళ్లు ఈ జాగ్రత్త ఇంకా నేర్చుకోవాలి.

కానీ ఆ అభ్యంతరం చెప్పేవాళ్లు అక్కడే ఆగిపోతారు. 2024 కరవునే తీసుకోండి. జాంబియాలో మొక్కజొన్న పంట దాదాపు సగం పోయింది. జలవిద్యుత్తుకు ఆధారమైన కరిబా జలాశయం అడుగంటి, కరెంటు రోజుకు కొన్ని గంటలే వచ్చింది. కారణం ఎల్‌నినోనే అనుకుందాం. ఆ దేశం 2020 నవంబరులోనే అప్పులు ఎగవేసింది. బాండ్లు కొన్నవాళ్లతో ఒప్పందం కుదరడానికి మూడున్నరేళ్లు పట్టింది. ఫిబ్రవరి 2024లో కరవును జాతీయ విపత్తుగా ప్రకటించేనాటికి ఇంకా బేరాలు నడుస్తూనే ఉన్నాయి. ఖజానా చేతులు అప్పులతో కట్టేసి ఉన్నప్పుడు మామూలు కరవు కూడా మహా విపత్తు అవుతుంది. వాతావరణ మార్పు మామూలు కరవుల్ని అసాధారణ కరవులుగా మార్చే కాలంలో ఇది మరింత ప్రమాదం. ఇక మొజాంబిక్ అవినీతి గురించి మాట్లాడేవాళ్లకు ఒక్క మాట. 2016లో బయటపడ్డ సుమారు 200 కోట్ల డాలర్ల రహస్య రుణాలు ఆ దేశ పార్లమెంటుకు తెలియకుండా తీసుకున్నవే, నిజం. ఆ రుణాలు ఏర్పాటు చేసినవాటిలో క్రెడిట్ సూయిజ్ లాంటి పెద్ద యూరప్ బ్యాంకు ఉంది. 2021లో అది 47 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కేసులు పరిష్కరించుకుంది. లంచానికి రెండు చేతులు కావాలి. ఆ రెండో చెయ్యి ఏ ఖండంలో ఉందో మరచిపోవద్దు.

మరేం చేయాలి? పెద్ద పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, కొన్ని పనులు ఇప్పటికే జరిగాయి. గ్రెనడా రెండోసారి చేతులెత్తేసినప్పుడు, 2015 కొత్త బాండు ఒప్పందంలో ఒక షరతు రాయించుకుంది. హరికేన్ వల్ల నష్టం ఫలానా హద్దు దాటితే రెండు కిస్తీలు వెనక్కి జరుపుకోవచ్చని. 2024 జులై 1న బెరిల్ ఆ దేశంలోని కారియాకూ ద్వీపాన్ని దాదాపు నేలమట్టం చేసింది. ఆగస్టులో గ్రెనడా ఆ షరతును వాడుకుంది. ప్రపంచంలో ఇలా వాడుకున్న మొదటి దేశం అదే. ఆ కిస్తీల మేరకు ఎవరి దగ్గరా చేయి చాచకుండా, కొత్త అప్పు చేయకుండా, తన డబ్బు తన దగ్గరే ఉంచుకుని మరమ్మతులు మొదలుపెట్టింది. జరిపిన వడ్డీ అసలులో కలుస్తుంది, మాఫీ ఏమీ కాదు. అయినా ఆ ఏడాదికి ఊపిరి దొరికింది. 2023లో పారిస్ సదస్సులో ప్రపంచ బ్యాంకు కూడా ఇలాంటి విరామ షరతుకు ఒప్పుకుంది, కానీ చిన్న దేశాల మేరకు. పాకిస్తాన్, మొజాంబిక్ లాంటివాటికి ఎందుకు వద్దు? అప్పిచ్చే ప్రతి సంస్థా, ప్రతి బాండూ, ప్రతి దేశానికీ ఈ షరతు పెట్టడానికి ఒక్క డాలరు కొత్తగా ఖర్చు కాదు. అడ్డుపడేది అలవాటే.

రెండోది, సాయం లెక్కలో గ్రాంటును మాత్రమే సాయంగా రాయాలి. రుణం ఇచ్చినప్పుడు, మార్కెట్ వడ్డీ కంటే ఎంత తక్కువకు ఇచ్చారో ఆ తేడాను మాత్రమే కలపాలి. దీనికి కొత్త డబ్బు కంటే ముందు నిజాయితీ కావాలి. అలా లెక్కిస్తే ఇప్పుడు గొప్పగా చెప్పుకునే అంకెలు ఎంత కుంచించుకుపోతాయో తెలుసు కాబట్టే ఎవరూ ముందుకు రావడం లేదు. మూడోది నష్టపరిహార నిధి. సముద్రమట్టం పెరుగుదలకు నష్టపోయే దేశాల కోసం ఒక అంతర్జాతీయ నిధి కావాలని చిన్న ద్వీప దేశాల తరఫున వనువాటు ప్రతిపాదించింది 1991లో. నిధి పెట్టడానికి ప్రపంచం ఒప్పుకుంది 2022లో, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో. మరుసటి ఏడాది దుబాయ్‌లో తొలి హామీలు వచ్చాయి: సుమారు 70 కోట్ల డాలర్లు. ఒక్క పాకిస్తాన్ వరద నష్టంలో నలభయ్యో వంతుకు కాస్త తక్కువ అది.

2024 నవంబరులో బాకూ వాతావరణ సదస్సులో కొత్త లక్ష్యం పెట్టుకున్నారు: 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు. అభివృద్ధి చెందుతున్న దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్లు. భారత ప్రతినిధి చాందినీ రైనా సభలోనే ఇది దృష్టిభ్రమ తప్ప మరేం కాదని తేల్చిచెప్పారు. అప్పటికే ఒప్పందం ఆమోదమైందని అధ్యక్షుడి సుత్తి పడిపోయింది. చాలామంది ఆమె మాటను అంకె చిన్నదన్న కోపంగానే చదివారు. నాకు అంతకంటే ఇబ్బందిగా తోచింది ఒప్పందంలో గ్రాంటు ఎంత, అప్పు ఎంత అని తేల్చే వాక్యం లేకపోవడం. ప్రైవేటు సహా రకరకాల మూలాల నుంచి అన్నారు, అంతే. మూడింతల సాయం అన్నది మూడింతల బాకీ కూడా కావొచ్చు.

జమైకా సంగతి చెప్పి ముగిస్తాను. అప్పుల క్రమశిక్షణ గురించి పాఠాలు చెప్పేవాళ్లకు అది ముద్దుల విద్యార్థి. ఒకప్పుడు జీడీపీలో 140 శాతం దాటిన అప్పును పన్నెండేళ్లు కడుపు కట్టుకుని సగానికి పైగా తగ్గించింది. విపత్తు నిధి పెట్టింది, బీమా తీసుకుంది, బాండు కొనసాగించింది. చేయమన్నవన్నీ చేసింది. 2025 అక్టోబరు 28న మెలిస్సా అత్యున్నత స్థాయి హరికేన్‌గా తీరం దాటింది. ఈసారి వాయుపీడనం హద్దు దాటింది, 15 కోట్ల డాలర్ల బాండు పూర్తిగా చెల్లించింది, మిగతా బీమా సొమ్మూ వచ్చింది. ప్రపంచ బ్యాంకు, ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు కలిసి వేసిన తొలి అంచనా ప్రకారం నష్టం 880 కోట్ల డాలర్లు, ఆ దేశం జీడీపీలో 41 శాతం. బాండు ఇచ్చింది అందులో సుమారు అరవయ్యో వంతు మాత్రమే. మిగిలిన దానికి జమైకా మళ్లీ అప్పే చేస్తే, పన్నెండేళ్లు కట్టింది ఎవరి కోసమని అక్కడి పన్ను చెల్లింపుదారు అడగొచ్చు.